తేలికపాటి లినక్స్‌లో ఆఫీసు పని



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిదై ఉండాలి. ఇవి లేని కంప్యూటర్లు మన ఇళ్లలో, బడుల్లో, జిరాక్సు షాపుల్లో కావలసినన్ని ఉన్నాయి. కీబోర్డు పనిచేస్తుంది, తెర పనిచేస్తుంది, డిస్కుకీ ఢోకా లేదు. వాటిని పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి లినక్స్ పెట్టి చూద్దామని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. అందులోనూ లుబుంటు, యాంటీఎక్స్, ఎమ్ఎక్స్, పప్పీ లాంటి తేలికపాటి లినక్స్‌లను ఎంచుకుంటున్నారు. పాత యంత్రం మీద కూడా ఇవి బాగానే నడుస్తాయి.

లినక్స్ ఎక్కించడం ఇవాళ పెద్ద పనేం కాదు. పెన్‌డ్రైవ్ పెట్టి, అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. బ్రౌజర్ తెరుచుకుంటుంది, పాట వినిపిస్తుంది. ఒక ఉత్తరం రాసుకుందామన్నా, జమాఖర్చుల పట్టిక వేసుకుందామన్నా మాత్రం తగిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు అందులో ఉండదు. తెచ్చి ఎక్కించబోతే ఫలానా లైబ్రరీ దొరకలేదనో, డిపెండెన్సీ తీరలేదనో ఇంగ్లీషులో ఒక వాక్యం పడుతుంది. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. ఇవాళ ఆ ఒక్క వాక్యం గురించి మాట్లాడుకుందాం. అది యంత్రానికి పట్టిన జబ్బు కాదు. తేలికపాటి లినక్స్ ఎందుకు తేలికగా ఉంటుందో, ఈ చిక్కు కూడా అందుకే వస్తుంది.

పూర్వం ఊళ్లో పెళ్లి వంటలకు కావలసిన గుండిగలూ గంగాళాలూ ప్రతి ఇంట్లోనూ ఉండేవి కావు. రామాలయంలో ఒక జత ఉండేది. ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్లు తెచ్చుకుని వాడుకునేవారు. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ కలిసి అలా వాడుకునే ఉమ్మడి కోడ్‌నే లైబ్రరీ అంటారు.

దీనివల్ల రెండు లాభాలున్నాయి. అక్షరాల ఆకారాన్ని తెర మీదికి తెచ్చే ఫ్రీటైప్ అనే లైబ్రరీని తీసుకోండి. పీడీఎఫ్ చూపే ప్రోగ్రామూ, ఫైల్ మేనేజరూ, ఉత్తరాలు రాసే రైటరూ మూడూ ఒకేసారి తెరిచి ఉన్నా, మెమరీలో ఆ లైబ్రరీ కోడ్ ఒక్క ప్రతే ఉంటుంది. రెండు జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి ఇలాంటి ఆదా ప్రాణాధారం. ఇక రెండో లాభం, ఆ లైబ్రరీలో భద్రతా లోపం ఏదైనా బయటపడితే ఒక్కచోట సరిచేస్తే చాలు, దాన్ని వాడుకునే ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి. కానీ పంచుకోవడమంటే ఒకరి మీద ఒకరు ఆధారపడటమే. రైటర్‌కి ఒక లైబ్రరీ కావాలి, ఆ లైబ్రరీకి ఇంకొకటి కావాలి, దానికి మరొకటి. దీన్నే డిపెండెన్సీ అంటున్నాం. తేలికపాటి లినక్స్ తయారుచేసేవాళ్లు అందరికీ అక్కర్లేదనుకున్నవి తీసేసి ఇస్తారు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ వచ్చి సరిగ్గా అవే కావాలంటుంది.

అలా అడగడం దాని తప్పేమీ కాదు. మనం ఎక్కించబోయే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌ది పెద్ద కాపురం. 1985లో జర్మనీలోని ల్యూనెబర్గ్‌లో మార్కో బోరీస్ అనే కుర్రవాడు స్టార్ డివిజన్ అనే సంస్థ పెట్టాడు. వాళ్ల స్టార్‌ఆఫీస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో సంస్థతో సహా కొనుక్కుని, 2000లో సోర్సు కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ విడుదల చేసింది. 2010లో సన్ కాస్తా ఒరాకిల్ చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 28న, అందులో పనిచేస్తున్నవాళ్లు కొందరు విడిగా డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టి లిబ్రేఆఫీస్‌ను ప్రకటించారు. ఇది వర్డ్ ఫైళ్లు చదవాలి, ఎక్సెల్ పట్టికలు విప్పాలి, పీడీఎఫ్ తయారుచేయాలి, ప్రింటర్‌కి పని అప్పగించాలి, వందకు పైగా భాషల్లో మెనూలు చూపించాలి. ఇన్ని పనులకు అవసరమైన లైబ్రరీల జాబితా చిన్నగా ఎలా ఉంటుంది?

ఈ జాబితాను మన బదులు చూసుకునేవాడు ఆప్ట్. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌లో, 1999 నాటి 2.1 వెర్షన్‌తో ఈ ఆప్ట్ వచ్చింది. ఉబుంటు, లుబుంటు, యాంటీఎక్స్, ఎమ్ఎక్స్ అన్నీ డెబియన్ సంతానమే కాబట్టి వాటిలోనూ ఇదే ఉంటుంది. దీని కింద డీపీకేజీ అనే ఇంకో పనిముట్టు ఉంది. డీపీకేజీకి ఒక ప్యాకేజీ చేతికిస్తే దాన్ని విప్పి సర్దుతుంది, కావలసినవి లేకపోతే లేవని చెప్పి ఆగిపోతుంది. ఆప్ట్ అక్కడితో ఆగదు. రిపాజిటరీ అనే భాండాగారంలో వెతికి, ఆ ప్యాకేజీకి ఏవి కావాలో, వాటికి మళ్లీ ఏవి కావాలో లెక్క తేల్చి, అన్నిటినీ వరసగా తెచ్చి పెడుతుంది.

కాగితమూ కలమూ దగ్గరుంటే రెండు కమాండ్లు రాసుకోండి. టెర్మినల్ తెరిచి ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ అని కొట్టండి. మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ ఉండాలి. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో దొరుకుతోందో తాజా జాబితా వస్తుంది. తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్, లిబ్రేఆఫీస్ హైఫన్ రైటర్, లిబ్రేఆఫీస్ హైఫన్ క్యాల్క్. వీటిలో రైటర్ ఉత్తరాలకు, క్యాల్క్ పట్టికలకు. వట్టి లిబ్రేఆఫీస్ అని అడిగితే మొత్తం సంసారం దిగుతుంది. డేటాబేస్ కోసం బేస్ వస్తుంది, దాని వెనకే జావా వస్తుంది. ఉత్తరాలకూ పట్టికలకూ జావాతో పనిలేదు. ఇంకా పొదుపు కావాలంటే ఇన్‌స్టాల్ మాట తర్వాత రెండు హైఫన్లు పెట్టి నో ఇన్‌స్టాల్ రికమెండ్స్ అని, మాటల మధ్య కూడా హైఫన్లతో, చేర్చండి. తప్పనిసరి అయినవి మాత్రమే వస్తాయి, ఉంటే మంచిదన్నవి రావు. అప్పుడు మెనూలూ బొత్తాలూ పాతకాలపు మోటు రూపంతో కనిపిస్తే కంగారు పడకండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్‌లున్నవాళ్లు లిబ్రేఆఫీస్ హైఫన్ జీటీకే3 అనే ప్యాకేజీ కూడా చేర్చుకుంటే ముఖం తేటపడుతుంది.

ఇంత సులువైన దారి ఉండగా చిక్కు ఎక్కడ వస్తుంది? ఈ దారి వదిలి వెళ్లినప్పుడు వస్తుంది. మా మేనల్లుడికి తణుకులో జిరాక్సు షాపు ఉంది. ఖాతాదారులు ఫోన్లో పంపే వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్‌లుగా మార్చడానికి ఒక పాత డెస్క్‌టాప్ పెట్టెను మూలన పెట్టాడు. దానికి తెర లేదు, మౌసు లేదు. డెస్క్‌టాప్ అంటూ ఏమీ లేకుండా వట్టి డెబియన్ 12 మాత్రమే ఎక్కించాడు. లిబ్రేఆఫీస్ మాత్రం కొత్తది కావాలని, వాళ్ల సైటు నుంచే డెబ్ ఫైళ్ల మూట దించి డీపీకేజీతో ఎక్కించాడు. ఎక్కేటప్పుడు ఒక్క ఫిర్యాదూ రాలేదు. నడపబోతే కదల్లేదు. వాడు ఫోన్ చేసి, జవాబుగా వచ్చిన వాక్యం చదివి వినిపించాడు. ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్, లిబ్ ఎక్స్ఇనెరామా డాట్ ఎస్ఓ డాట్ 1, కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్.

ఎక్స్ఇనెరామా అంటే రెండు మూడు మానిటర్లను కలిపి ఒకే పెద్ద తెరగా చూపించడానికి పనికొచ్చే లైబ్రరీ. అది విని వాడు, "అసలు తెరే లేని పెట్టెకి రెండు తెరల లైబ్రరీ ఎందుకు మావయ్యా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. ప్రోగ్రామును తయారుచేసినప్పుడే, నాకు ఫలానా ఫలానా లైబ్రరీలు కావాలని అందులో ఒక జాబితా రాసి ఉంటుంది. ప్రోగ్రాములో మొదటి వాక్యం నడవకముందే లోడర్ అనేది వచ్చి ఆ జాబితా చూస్తుంది. వాటిలో దేన్ని నిజంగా వాడతారో, దేన్ని వాడరో దానికి తెలియదు. ఒక్కటి లేకపోయినా ప్రోగ్రామును మొదలుపెట్టనివ్వదు. ఇక డీపీకేజీ ముందే ఎందుకు చెప్పలేదంటారా? ఆ మూటలోని ప్యాకేజీలు డెబ్ ఫైళ్లు వాడే అన్ని రకాల లినక్స్‌ల కోసం ఉద్దేశించినవి. చాలా లైబ్రరీలను అవే వెంట తెచ్చుకుంటాయి. తతిమ్మావి ప్రతి డెస్క్‌టాప్ లినక్స్‌లోనూ ఉంటాయన్న ధీమాతో, ప్యాకేజీ పైన ప్రకటించవు. మామూలు డెస్క్‌టాప్‌లో ఆ ధీమా చెల్లుతుంది. తెర లేని పెట్టెలో చెల్లలేదు.

ఒక్కొక్కటిగా తెచ్చుకుంటూ పోతే ఒకటి తీరాక ఇంకొకటి అడుగుతుంది. అందుకని అన్నీ ఒకేసారి చూడటానికి ఎల్‌డీడీ అనే కమాండ్ ఉంది. ఎల్‌డీడీ అని కొట్టి, లిబ్రేఆఫీస్ ఉన్న ఫోల్డరులోని సాఫీస్ డాట్ బిన్ అనే ఫైలు దారి ఇవ్వమన్నాను. సైటు నుంచి దించినదైతే అది ఆప్ట్ అనే మాటతో సంబంధం లేని ఓపీటీ ఫోల్డరులో, ప్రోగ్రామ్ అనే ఉపఫోల్డరులో ఉంటుంది. లైబ్రరీల పేర్లు, వాటి పక్కన అవి దొరికిన చోటూ వరసగా పడ్డాయి. దొరకనివాటి పక్కన నాట్ ఫౌండ్ అని ఉంది. వాటిలో లిబ్ కప్స్ డాట్ ఎస్ఓ డాట్ 2 కూడా ఉంది. అది ప్రింటింగ్ లైబ్రరీ. ప్రింటర్ లేకపోయినా అది కావలసిందే.

ఇక్కడ తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. డెబియన్‌లో లైబ్రరీ ఫైలు పేరును బట్టి ప్యాకేజీ పేరు చాలావరకు ఊహించవచ్చు. ఎస్ఓ అన్న ముక్క తీసేసి, చివరి అంకెను పేరుకు అతికించి, అన్నీ చిన్న అక్షరాల్లో రాస్తే సరి. లిబ్ ఎక్స్ఇనెరామా డాట్ ఎస్ఓ డాట్ 1 కోసం లిబ్‌ఎక్స్ఇనెరామా1 ప్యాకేజీ. లిబ్ కప్స్ డాట్ ఎస్ఓ డాట్ 2 కోసం లిబ్‌కప్స్2. ఊహకు అందకపోతే ఆప్ట్ హైఫన్ ఫైల్ అనే పనిముట్టు పెట్టుకుని, దానితో సెర్చ్ చేస్తే ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో అదే చెబుతుంది. మా వాడు అలా లేనివన్నీ ఒకే కమాండ్‌తో తెచ్చాడు, పెట్టె పనిలో పడింది. నిజానికి తెర అక్కర్లేని ఇలాంటి పనుల కోసమే డెబియన్‌వాళ్లు లిబ్రేఆఫీస్ ప్యాకేజీలను నోగుయ్ అన్న తోకతో వేరేగా తయారుచేసి రిపాజిటరీలో ఉంచారు. ముందే అక్కడ చూసి ఉంటే మేనమామకు ఫోన్ చేసే పనుండేది కాదు.

చివరి ఆ అంకె అలంకారం కాదు. లైబ్రరీ లోపలి ఒప్పందం మారితే ఆ అంకె మారుతుంది. ఒకటి అడిగిన ప్రోగ్రాముకు రెండు ఇస్తే కుదరదు. కొందరు రెండో నంబరు లైబ్రరీకి ఒకటో నంబరు పేరుతో లింకు తగిలించి గండం గట్టెక్కామనుకుంటారు. ఆ క్షణానికి ప్రోగ్రాము తెరుచుకోవచ్చు. మీరు మూడు పేజీలు రాశాక ఏదో మెనూ నొక్కగానే కూలిపోవచ్చు. జీలిబ్‌సీ అనే లైబ్రరీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వ్యవస్థలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నడుస్తుంది. ఫలానా జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదని మెసేజ్ వచ్చిందంటే, మీరు తెచ్చిన సాఫ్ట్‌వేర్ మీ లినక్స్ కన్నా కొత్తదని అర్థం. ఎక్కడినుంచో కొత్త జీలిబ్‌సీ తెచ్చి పాతదాని మీద పడేస్తే మర్నాడు ఆ కంప్యూటర్ లేవకపోవచ్చు. మీ లినక్స్‌కి తగిన వెర్షన్ తెచ్చుకోండి, లేదా మొత్తం లినక్స్‌నే కొత్తదానికి మార్చుకోండి.

సగంలో ఆగిన ఇన్‌స్టాలేషన్‌కి మందు సుడో ఆప్ట్, రెండు హైఫన్లు, ఫిక్స్ హైఫన్ బ్రోకెన్, ఇన్‌స్టాల్. ఇది లోటు పూడుస్తుంది. కానీ వై నొక్కేముందు తెర మీద ఏం రాసిందో చదవండి. కొత్తగా ఏవి పెడుతుందో ఒక జాబితా ఇస్తుంది. తీసేసేవి ఉంటే రిమూవ్డ్ లేదా రిమూవింగ్ అన్న మాట కింద ఇంకో జాబితా ఇస్తుంది. డిపెండెన్సీల గొలుసు ఎటూ కుదరనప్పుడు, అడ్డొచ్చినవాటిని తీసేయడం కూడా ఆప్ట్ దృష్టిలో ఒక పరిష్కారమే. ఆ రెండో జాబితాలో మీ డెస్క్‌టాప్ పేరు కనిపిస్తే ఎన్ నొక్కి బయటికి రండి. ఇలాంటి పేచీలు ఎక్కువగా వేరువేరు రిపాజిటరీలను కలిపినప్పుడే వస్తాయి. డెబియన్ మీద ఉబుంటుకు ఉద్దేశించిన పీపీఏ అనే రిపాజిటరీలు చేర్చడం, స్థిరమైన వెర్షన్‌లో అస్థిర శాఖ ప్యాకేజీలు దించడం లాంటివన్నమాట. ఇలా కలగాపులగమైన వ్యవస్థను డెబియన్‌వాళ్లు ఫ్రాంకెన్‌డెబియన్ అని ఎగతాళి చేస్తారు. కొత్త లిబ్రేఆఫీస్ కావాలంటే డెబియన్‌వాళ్లే నడిపే బ్యాక్‌పోర్ట్స్ అనే శాఖ ఉంది. అది మీ వెర్షన్ లైబ్రరీలకు సరిపోయేలా తయారైనది.

మరీ పాత యంత్రం ఉన్నవాళ్లు ముందుగా యూనేమ్ హైఫన్ ఎమ్ అని కొట్టి చూడండి. జవాబులో 64 కనిపిస్తే అరవైనాలుగు బిట్ల వ్యవస్థ. ఐ686 అని వస్తే ముప్ఫైరెండు బిట్లది. 2019లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి లినక్స్‌కి ముప్ఫైరెండు బిట్ల లిబ్రేఆఫీస్‌ను డాక్యుమెంట్ ఫౌండేషన్ ఇవ్వడం లేదు. లుబుంటు కూడా ఆ కాలంలోనే ముప్ఫైరెండు బిట్ల యంత్రాలను వదిలేసింది. 2025లో వచ్చిన డెబియన్ 13కి ముప్ఫైరెండు బిట్ల ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12 మీద ఆధారపడిన యాంటీఎక్స్ 23 లాంటివాటిలో మాత్రం డెబియన్‌వాళ్లు స్వయంగా తయారుచేసిన 7.4 వెర్షన్ దొరుకుతుంది. ప్రాసెసర్ అరవైనాలుగు బిట్లదై ఉండి, లినక్స్ మాత్రమే ముప్ఫైరెండు బిట్లది ఎక్కించారేమో కూడా చూసుకోండి. అలాంటివి తరచూ కనిపిస్తుంటాయి. లిబ్రేఆఫీస్ మరీ బరువనిపిస్తే ఉత్తరాలకు అబీవర్డ్, పట్టికలకు న్యూమెరిక్ ఉన్నాయి. 2018 దాకా లుబుంటు వాటినే వెంట ఇచ్చేది.

డిపెండెన్సీల గొడవే వద్దు, కావలసినవన్నీ వెంటే రావాలి అనుకునేవాళ్ల కోసం యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనే పద్ధతులు వచ్చాయి. లిబ్రేఆఫీస్ యాప్‌ఇమేజ్ రూపంలోనూ దొరుకుతుంది. దించి, నడిపే అనుమతి ఇచ్చి, నొక్కితే తెరుచుకుంటుంది. డిస్కులో చోటున్నవాళ్లకి మంచి దారే. కాకపోతే యాప్‌ఇమేజ్‌లు చాలావాటికి లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ కావాలి. కొత్త ఉబుంటుల్లో అది ముందుగా ఉండదు. అంటే డిపెండెన్సీలు లేని ఫైలు తెరవడానికి కూడా ఒక డిపెండెన్సీ తెచ్చుకోవాలి. పైగా మూటలో ఉన్న లైబ్రరీలో లోపం బయటపడితే ఆ మూట మొత్తాన్ని మళ్లీ దించుకోవలసిందే.

ఇక మన తెలుగు సంగతి. ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎక్కినా తెలుగు ఫైలు తెరిస్తే డబ్బాలు కనిపించాయంటే ఫాంట్లు లేవన్నమాట. ఫాంట్స్ హైఫన్ తెలు, ఫాంట్స్ హైఫన్ తెలుగువిజయం అని రెండు ప్యాకేజీలు ఉన్నాయి. తెలుగులో అక్షరదోషాలు చూడటానికి హన్‌స్పెల్ హైఫన్ టీఈ, మెనూలు తెలుగులో కావాలంటే లిబ్రేఆఫీస్ హైఫన్ ఎల్10ఎన్ హైఫన్ టీఈ. లిబ్రేఆఫీస్ సెట్టింగుల్లో భాషల పేజీకి వెళ్లి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగును ఎంచుకోండి. అనూ ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లు అక్షరాల కలగూరగంపలా కనిపిస్తే లైబ్రరీలను అనుమానించకండి. అవి యూనికోడ్ ఫైళ్లు కావు. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

యూనికోడ్ తెలుగును సరిగ్గా పేర్చేది కూడా ఒక ఉమ్మడి లైబ్రరీయే. రాష్ట్రం అనే మాటలో ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. కంప్యూటర్ దగ్గర ఉన్నది ష, ట, ర, మధ్యలో పొల్లులూ మాత్రమే. ఏది ఎక్కడ కూర్చోవాలో, ఏ రూపం తీసుకోవాలో ఫాంటులోని నియమాలను చదివి తేల్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ దాన్ని పెంచి పెద్దచేశాడు. లినక్స్‌లో లిబ్రేఆఫీస్ 2013లో వచ్చిన 4.1 వెర్షన్‌తో దానికి మారింది. డెబియన్ లిబ్రేఆఫీస్ మీద ఎల్‌డీడీ నడిపి చూడండి, ఆ పేరూ వరసలో కనిపిస్తుంది. అదే లైబ్రరీని టెక్స్ట్ ఎడిటర్లూ, ఫైల్ మేనేజర్లూ కూడా వాడుకుంటాయి.

అందుకని ఈసారి లైబ్రరీ దొరకలేదన్న వాక్యం కనిపిస్తే దాని పేరూ, చివరి అంకే చదువుకుని, మీ లినక్స్ రిపాజిటరీ నుంచే తెచ్చుకోండి. వత్తులు తప్పుగా పడినా, అక్షరదోషాల పట్టికలో మంచి తెలుగు మాట తప్పుగా కనిపించినా ఆ లోపాన్ని దాన్ని నిర్వహించేవాళ్లకు రాసి పంపండి. ఉమ్మడి వస్తువు కాబట్టి మీ ఒక్కరి ఫిర్యాదుతో జరిగిన మరమ్మతు, దాన్ని వాడుకునే ప్రతి తెలుగువాడి కంప్యూటర్‌కీ చేరుతుంది.